పరిహారం దొరకు, బాకీ బానిసకు

(మండల కేంద్రంలో జరిగిన కార్యకర్తల శిక్షణా తరగతుల్లో ఒక ఉపాధ్యాయ కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



బళ్ళో మేము సాంఘికశాస్త్రం చెప్తాం. 1833లో బ్రిటిష్ పార్లమెంటు బానిసత్వాన్ని రద్దు చేసింది అని చెప్తాం. పిల్లలు సంవత్సరం బట్టీపట్టి పరీక్షలో రాస్తారు. ఒకసారి ఆ పాఠం చెప్తూ, ఈ రద్దు కోసం బ్రిటన్ రెండు కోట్ల పౌన్లు ఖర్చు పెట్టింది అన్నాం. వెనక బెంచీలో ఒక పిల్ల లేచింది. వాళ్ళ తాత పాలేరుతనం చేసినవాడు. "అయితే ఆ డబ్బుతో బానిసలు ఏం కొనుక్కున్నారు సార్?" అని అడిగింది. బానిసలకు ఒక్క పైసా రాలేదమ్మా, ఆ డబ్బంతా దొరలకిచ్చారు అన్నాం. "కొట్టినోడికా సార్ డబ్బులు?" అంది. క్లాసంతా నవ్వింది. మాకు నవ్వు రాలేదు. ఆ పిల్ల ప్రశ్నకు జవాబు చెప్పడానికే ఇవాళ మీ ముందు నిలబడ్డాం.

ఎక్కడో కరీబియన్ దీవుల్లో, రెండొందల ఏళ్ళ కిందట జరిగిన సంగతి మనకెందుకు అని కొందరికి అనిపించొచ్చు. ఊళ్ళో పెద్దకులాల వాళ్ళు మనల్ని ఏమంటారు? "అంటరానితనం చట్టం తీసేసింది. వెట్టి తీసేసింది. ఇంకా పాత కథ పట్టుకుని వేలాడతారేంట్రా?" అంటారు. చట్టం తీసేసింది నిజమే. తీసేసిన రోజున భూమి ఎవరి చేతిలో ఉంది, లెక్కల పుస్తకం ఎవరి చేతిలో ఉంది అనేది అసలు ప్రశ్న. ఆ ప్రశ్న అడగడం మనకంటే ముందు నేర్చుకున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళ కథే ఇది.

చెరుకు తెచ్చిన బానిసత్వం

బానిసత్వం అనగానే మనకు అమెరికా గుర్తొస్తుంది. కానీ లెక్క చూడండి. సుమారు 350 ఏళ్ళలో ఆఫ్రికా తీరం నుంచి అట్లాంటిక్ సముద్రం మీద ఓడలెక్కించిన మనుషులు దాదాపు 1 కోటి 25 లక్షలు. ఒడ్డున దిగినవాళ్ళు 1 కోటి 7 లక్షలు. మధ్యలో పోయిన దాదాపు 18 లక్షలమంది సముద్రంలో కలిసిపోయారు. దిగినవాళ్ళలో ఇప్పటి అమెరికా దేశానికి నేరుగా చేరినవాళ్ళు 4 లక్షల లోపే. మిగతా వాళ్ళలో అత్యధికులను బ్రెజిల్‌కూ, కరీబియన్ దీవులకూ తోలారు. ఎందుకు? అక్కడ చెరుకుంది గనక.

1492లో కొలంబస్ దిగినప్పుడు ఆ దీవుల్లో మనుషులు లేకపోలేదు. తైనో జనం ఉన్నారు. బంగారు గనుల చాకిరీ, కొత్త రోగాలు, కత్తి కలిసి యాభై ఏళ్ళలో వాళ్ళను దాదాపు తుడిచిపెట్టాయి. భూమి చిక్కింది, దున్నేవాడు లేడు. ఇంగ్లీషువాళ్ళు 1627లో బార్బడోస్ దీవిలో దిగినప్పుడు మొదట ఎవరిచేత పని చేయించుకున్నారో తెలుసా? తెల్లవాళ్ళ చేతే. ఇంగ్లండు బీదవాళ్ళు, ఐర్లండు వాళ్ళు, యుద్ధఖైదీలు కాగితాలు రాయించుకుని కొన్నేళ్ళ ఒప్పందం మీద వచ్చారు. 1640ల్లో చెరుకు వచ్చింది. చెరుకుతోటకు ఏడాది పొడుగునా జనం కావాలి. నరికిన చెరుకు ఎండిపోకముందే గానుగ ఆడాలి, రసం పులవకముందే కాగాలి. రాత్రీ పగలూ పని. ఒప్పందం మీద వచ్చిన తెల్లవాడు గడువు తీరితే పోతాడు, భూమి అడుగుతాడు, పారిపోతే జనంలో కలిసిపోతాడు. ఆఫ్రికా నుంచి తెచ్చినవాడికి ఆ దేశంలో చుట్టం లేడు, భాష లేదు, పారిపోతే ఒంటి రంగే పట్టిస్తుంది. అతనికి గడువూ లేదు. అతని పిల్లలకూ లేదు. దొర వేసుకున్న లెక్క ఇదీ.

కాబట్టి ఒక మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. నల్లవాళ్ళు తక్కువవాళ్ళు గనక బానిసలు కాలేదు. బానిసలను చేసుకున్నాక, ఆ పాపం కప్పిపెట్టుకోవడానికి నల్లవాళ్ళు తక్కువవాళ్ళు అనే మాట తయారుచేశారు. ట్రినిడాడ్‌కు మొదటి ప్రధానమంత్రి అయిన ఎరిక్ విలియమ్స్ చరిత్ర పండితుడు. నల్లవాళ్ళ మీద ద్వేషం బానిసత్వానికి కారణం కాదు, బానిసత్వం వల్ల పుట్టింది అని ఆయన 1944లోనే ఒక పెద్ద పుస్తకం రాసి వాదించాడు. ముందు దోచుకోవడం, తర్వాత దానికో శాస్త్రం. మనకు ఈ వరస కొత్త కాదు.

ఇంకో సంగతి. ఆఫ్రికా తీరంలో మనిషిని దేనితో కొన్నారు? తుపాకులు, సారా, ఇనుము, గవ్వలు, గుడ్డలు ఇచ్చి కొన్నారు. ఆ గుడ్డల్లో పెద్ద వాటా ఇండియాలో నేసిందే. కోరమాండల్ తీరంలో, అంటే మన కోస్తా ఊళ్ళల్లో కూడా, మగ్గాల మీద నేసిన నూలుగుడ్డ కంపెనీ ఓడల్లో యూరప్ పోయి, అక్కడ్నించి ఆఫ్రికా చేరేది. నేసినవాడికి అది మనిషిని కొనే సొమ్మవుతుందని తెలీదు. దోపిడీ చేసేవాడికి మాత్రం ప్రపంచమంతా ఒకే సంత. దోపిడీకి గురైనవాళ్ళమే ఎవరి ఊళ్ళో వాళ్ళం ఉండిపోయాం.

రాతలో పెట్టిన క్రూరత్వం

దొరల దగ్గర కొరడా ఒక్కటే కాదు, కాగితం కూడా ఉంది. బార్బడోస్‌లో 1661లో బానిసల చట్టం చేశారు. వర్జీనియాలో 1662లో, తల్లి బానిసైతే బిడ్డ బానిసే అని రాశారు. ఎందుకలా? దొర బానిస స్త్రీని చెరిస్తే పుట్టిన బిడ్డ కూడా దొర ఆస్తి లెక్కలోనే పడాలని. 1667లో అక్కడే మరో చట్టం: బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన బానిసకు విడుదల లేదు. దేవుడి ముందు సమానం, తోటలో మాత్రం బానిస. బాప్తిస్మం తీసుకున్నా మాలపల్లె మాలపల్లెగానే మిగిలిన మనకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ 1685లో 'నల్ల చట్టం' తెచ్చాడు. అందులో బానిస కదిలే ఆస్తి, అంటే బల్లా, గొడ్డూ లాంటి ఆస్తి. నెల రోజులు పారిపోతే చెవులు కోసి భుజం మీద వాత పెట్టాలి. రెండోసారి పారిపోతే కాలి నరం కోయాలి. మూడోసారి చావు. దక్షిణ కరోలినాలో 1740లో బానిసకు రాయడం నేర్పినవాడికి వంద పౌన్ల జుల్మానా పెట్టారు. వేదం వింటే చెవిలో సీసం పోయమన్న ధర్మశాస్త్రాల దేశంలో పుట్టిన మనకు, అక్షరం అంటే దొరకెందుకంత భయమో తెలుసు.

గానుగల దగ్గర ఒక గొడ్డలి పెట్టేవాళ్ళు. రాత్రిళ్ళు నిద్రమత్తులో చెరుకు అందించే మనిషి చెయ్యి రోళ్ళ మధ్య ఇరుక్కుంటే, గానుగ ఆపడం కంటే చెయ్యి నరకడం తొందరగా అవుతుందని.

1781లో జాంగ్ అనే ఓడలో నీళ్ళు చాలవన్న సాకుతో 130 మందికి పైగా బతికున్న మనుషుల్ని సముద్రంలోకి విసిరేశారు. ఓడ యజమానులు తర్వాత ఏం చేశారు? భీమా సొమ్ము ఇమ్మని దావా వేశారు, మనిషికి 30 పౌన్ల చొప్పున. 1783లో లండన్ కోర్టులో నడిచింది హత్య కేసు కాదు, సరుకు నష్టం కేసు. మొదటి విచారణలో జ్యూరీ ఓడవాళ్ళ పక్షానే తీర్పిచ్చింది. తర్వాత మళ్ళీ విచారించాలన్నారు గానీ, ఆ హత్యలకు ఒక్కడికీ శిక్ష పడలేదు.

ఇక్కడ మనం తొందరపడి, బానిసత్వం, కులం ఒకటే అనకూడదు. బాబాసాహెబ్ ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశారు. బానిసను డబ్బు పెట్టి కొన్నాడు గనక చస్తే తనకు నష్టమని దొర అయినా చూసుకుంటాడు, అంటరానివాడు చస్తే ఎవరికీ నష్టం లేదు అన్నారు. దొర తలుచుకుంటే బానిసను విడుదల చెయ్యగలడు, అంటరానివాణ్ణి అంటరానితనం నుంచి ఏ ఒక్క మనిషీ విడుదల చెయ్యలేడు. రెండూ వేరు. కానీ పుట్టుకను బట్టి చాకిరీ రాసిపెట్టడం, చదువు లేకుండా చెయ్యడం, భూమికి దూరం పెట్టడం రెండింటిలోనూ ఉన్నాయి. అందుకే మహాత్మా ఫూలే 1873లో గులాంగిరీ రాసి, బానిసల విముక్తికి నిలబడ్డ అమెరికా ప్రజలకు అంకితమిచ్చారు. అందుకే 1946లో బాబాసాహెబ్ నల్లజాతి మేధావి డూబోయిస్‌కు ఉత్తరం రాసి, నల్లవాళ్ళు ఐక్యరాజ్య సమితికి పెట్టుకున్న అర్జీ ప్రతులు పంపమని అడిగారు. దూరాన ఉన్న బాధితుల్ని వెతుక్కోవడం మన పెద్దలు మనకిచ్చిపోయిన అలవాటు.

ఎవరూ దయతో ఇవ్వలేదు

బానిసత్వం మంచి మనసున్న ఇంగ్లీషు దొరలు ప్రార్థన చేసి తీసేశారని చాలామంది అనుకుంటారు. వాళ్ళలో మంచివాళ్ళు లేరనడం లేదు. కానీ ఆ ఇల్లు తగలబెట్టింది లోపలున్న బానిసలే.

సాన్ దొమాంగ్ అనే ఫ్రెంచి వలస ఉండేది. ఇప్పటి హైతీ. 1789 నాటికి అక్కడ దాదాపు 5 లక్షలమంది బానిసలు, వాళ్ళ నెత్తిన 30, 40 వేలమంది తెల్లవాళ్ళు. యూరప్ తిన్న పంచదారలో దాదాపు 40 శాతం ఆ ఒక్క చోట నుంచే పోయేది. 1791 ఆగస్టులో ఒక రాత్రి అడవిలో మీటింగు పెట్టుకున్నారు. బుక్‌మన్ అనే అతను నాయకుడు. మరికొద్ది రోజుల్లోనే ఉత్తరాన తోటలు తగలబడ్డాయి. 1793లో అక్కడి ఫ్రెంచి అధికారులు, 1794 ఫిబ్రవరి 4న పారిస్‌లోని సభ, బానిసత్వం రద్దయిందని ప్రకటించక తప్పలేదు. బండి తోలే పనిచేసిన తూసాన్ లూవెర్త్యూర్ సేనాని అయ్యాడు. ఇంగ్లీషు సైన్యం వస్తే తరిమారు. 1802లో నెపోలియన్ మళ్ళీ బానిసత్వం పెట్టడానికి పెద్ద సైన్యాన్ని పంపాడు. తూసాన్‌ను మోసంతో పట్టుకుని ఫ్రాన్సు కొండకోటలో పెట్టారు, అక్కడే చలికి 1803 ఏప్రిల్‌లో చనిపోయాడు. పోరాటం ఆగలేదు. 1804 జనవరి 1న దెస్సలీన్ స్వాతంత్ర్యం ప్రకటించాడు. బానిసలు తిరగబడి రాజ్యం కట్టుకున్న దేశం చరిత్రలో అదొక్కటే.

జమైకాలో 1831 క్రిస్మస్ పండక్కి 60 వేలమంది దాకా పని ఆపేసి తిరగబడ్డారు. నాయకుడు సామ్యూల్ షార్ప్ బానిసే, బాప్టిస్టు సంఘంలో బోధకుడు, చదువొచ్చినవాడు. 1832 మేలో ఉరి తీశారు. వందలమందిని చంపారు. ఆ తర్వాత ఏడాదే పార్లమెంటు చట్టం చేసింది. మన బళ్ళో ఆ చట్టం ఉంటుంది, ఆ ఉరికొయ్య ఉండదు.

లెక్క ఎటు తిరిగింది

ఇప్పుడు ఆ పిల్ల ప్రశ్నకు వద్దాం.

1833 చట్టం ప్రకారం బ్రిటిష్ ప్రభుత్వం 2 కోట్ల పౌన్లు పంచింది. ఆనాటి ప్రభుత్వం ఏడాది ఖర్చులో అది దాదాపు 40 శాతం. ఎవరికి? బానిసల యజమానులకు. దాదాపు 46 వేల అర్జీలు వచ్చాయి. పెద్ద తోటదొరలే కాదు, ఇంగ్లండులో కూర్చున్న పాదిరీలు, విధవరాళ్ళు కూడా మాకింతమంది బానిసలు పోయారని రాసిచ్చి డబ్బు తీసుకున్నారు. ఆ డబ్బు రైల్వేల్లో, బ్యాంకుల్లో, బంగళాల్లో పెట్టుబడి అయ్యింది. ఈ పరిహారం కోసం ప్రభుత్వం అప్పు చేసింది. ఆ అప్పు చివరి బాకీ ఎప్పుడు తీరిందో తెలుసా? 2015లో. అంటే 1948 నుంచి బతుకుతెరువు కోసం లండన్ పోయి బస్సులు నడిపిన, ఆస్పత్రుల్లో పనిచేసిన జమైకా, బార్బడోస్ వాళ్ళు కట్టిన పన్నులో నుంచి కూడా, తమ తాతల్ని కొట్టినవాడికి ఇచ్చిన డబ్బు అప్పు తీరింది.

మరి దాదాపు 8 లక్షలమంది బానిసలకు ఏమిచ్చారు? 'అప్రెంటిసు' అని కొత్త పేరిచ్చారు. 1834 ఆగస్టు 1న విడుదల అన్నారు, కానీ వారంలో 40 గంటల పైన కూలి లేకుండా అదే దొర దగ్గర చెయ్యాలన్నారు. మీకు స్వేచ్ఛగా బతకడం రాదు, నేర్పుతాం అన్నారు. 1838లో గానీ అదీ పోలేదు. వాళ్ళు చేసిన చాకిరీ కూలి మొత్తం దొరకిచ్చిన పరిహారంలో భాగమైపోయింది.

హైతీ సంగతి ఇంకా ఘోరం. గెలిచినవాళ్ళ చేత కూడా కట్టించుకున్నారు. 1825లో ఫ్రాన్సు రాజు పదో చార్లెస్ 14 యుద్ధనౌకలు పంపాడు. మీ స్వాతంత్ర్యాన్ని ఒప్పుకుంటాం, కానీ మా తోటదొరలకు పోయిన ఆస్తికి 15 కోట్ల ఫ్రాంకులు కట్టండి అన్నాడు. పోయిన ఆస్తి అంటే భూములూ, ఆ మనుషులూ కూడా. తమ ఒంటికి తామే వెల కట్టారన్న మాట. అయిదు వాయిదాలు. మొదటి వాయిదా 3 కోట్లు, ఆ దేశం ఏడాది ఆదాయానికి ఎన్నో రెట్లు. అది కట్టడానికి ఫ్రెంచి బ్యాంకు దగ్గరే అప్పు చేయాల్సి వచ్చింది. కాగితం మీద 3 కోట్లు రాసుకుని, ముందే కోత పెట్టి 2 కోట్ల 40 లక్షలు చేతిలో పెట్టారు. మన ఊరి వడ్డీవ్యాపారి కూడా ఇదే చేస్తాడు, నూరు రాసుకుని ఎనభై ఇస్తాడు. 1838లో మొత్తం బాకీని 9 కోట్లకు తగ్గించారు. కానీ అప్పు తీర్చడానికి అప్పు, దాని మీద వడ్డీ. పల్లెటూళ్ళో రైతు పండించిన కాఫీ మీద పన్నేసి ఆ డబ్బు పారిస్ పంపారు. బడి కట్టలేదు, రోడ్డు వెయ్యలేదు. 1914లో అమెరికా సైనికులు హైతీ బ్యాంకులోని బంగారం న్యూయార్కు పట్టుకుపోయారు. 1915 నుంచి 1934 దాకా ఆ దేశాన్ని అమెరికా సైన్యమే ఏలింది. ఈ అప్పుల చివరి బాకీ 1947లో తీరింది. 122 ఏళ్ళు! ఇవాళ హైతీ పేరు చెప్పగానే టీవీలో ఆకలి, తుపాకులు చూపించి "వాళ్ళకు ఏలుకోవడం రాదు" అంటారు. ఏలుకోవడం రానివ్వలేదు అనేది లెక్కల పుస్తకంలో ఉంది.

భూమి దొరకనివ్వలేదు

బ్రిటిష్ గయానాలో 1839లో ఒక సంగతి జరిగింది. విడుదలైన 83 మంది పైసా పైసా కూడబెట్టుకున్నారు. బానిసలుగా ఉన్నప్పుడు ఆదివారాలు పెరట్లో కూరలు పండించి అమ్ముకున్న డబ్బు. ఆ నాణేలు తోపుడు బండ్లలో వేసుకుని తీసుకెళ్ళి, మూతబడ్డ ఒక తోటను ఉమ్మడిగా కొన్నారు. విక్టోరియా అని ఊరు కట్టుకున్నారు. అది చూసి ఇంకా ఎన్నో ఊళ్ళు అలా లేచాయి. దొరలకు భయం పట్టుకుంది. వీళ్ళకు సొంత భూమి ఉంటే మా తోటలో కూలికి ఎవడొస్తాడు? అందుకని ఎక్కువమంది కలిసి భూమి కొనడం మీద చట్టంతో ఆంక్షలు పెట్టారు. బ్రెజిల్‌లో ఇంకా తెలివిగా చేశారు. 1850లో ప్రభుత్వ భూమి కొనుక్కుంటేనే వస్తుందని చట్టం తెచ్చారు. 1888లో బానిసలను విడుదల చేశారు. ముందు భూమికి తలుపు వేశారు, తర్వాత మనిషికి సంకెల తీశారు.

కూలి పెంచమని విడుదలైనవాళ్ళు అడగ్గానే దొరలు ఇంకో దారి పట్టారు. ఈ దారి మన ఊళ్ళ దాకా వచ్చింది. మారిషస్‌కు 1834 నుంచి, గయానాకు 1838 నుంచి ఇండియా కూలీలను ఓడలెక్కించారు. అయిదేళ్ళ ఒప్పందం, వేలిముద్ర, తక్కువ కూలి, పని మానితే జైలు. మన గోదావరి మూలనున్న కోరంగి రేవు నుంచి కూడా తెలుగువాళ్ళు పోయారు. బర్మాలో తెలుగువాళ్ళందరికీ కోరంగీలు అనే పేరే పడింది. 1860 నవంబరు 16న దక్షిణాఫ్రికాలో డర్బన్ రేవులో దిగిన మొదటి ఓడ మద్రాసు నుంచి పోయిందే. అందులో 342 మంది. ఇలా పోయినవాళ్ళలో కరువుకు ఊరొదిలిన మాల మాదిగలు కూడా ఉన్నారు. నల్లవాడి కూలి దించడానికి మనవాణ్ణి తోలుకుపోయారు. తర్వాత ఇద్దరికీ తగాదా పెట్టారు. గయానాలో ఆ తగాదా రాజకీయాల్లో ఈనాటికీ ఉంది. పీడితుల్లో ఒకడి మీదికి ఇంకొకణ్ణి ఉసిగొల్పడం దొరలకు వెన్నతో పెట్టిన విద్య.

జమైకాలో 1865లో భూమి కోసం, కోర్టులో న్యాయం కోసం పాల్ బోగుల్ జనాన్ని వెంటేసుకుని మొరాంట్ బే కచ్చేరీకి నడిచాడు. కాల్పులు జరిగాయి, గొడవ రేగింది. గవర్నరు ఐర్ సైన్యాన్ని దించి 400 మందికి పైగా చంపించాడు. విడుదలైన 27 ఏళ్ళకు!

మరి మన దేశం సంగతి? 1833 చట్టంలో ఈస్టిండియా కంపెనీ ఏలే ప్రాంతాలు వర్తించవు అని రాశారు. ఇక్కడ 1843లో అయిదో చట్టం తెచ్చారు. ఫలానావాడు నా బానిస అని ఎవడైనా వస్తే కోర్టు ఒప్పుకోదు, అంతే. బానిసను పట్టుకుని ఉంచుకోవడం నేరం అన్నది 1860 శిక్షాస్మృతిలో గానీ రాలేదు. ఇక్కడ దొరకూ పరిహారం ఇవ్వలేదు, ఇవ్వాల్సిన అవసరమూ పడలేదు. ఎందుకంటే కులం ఉంది. కాగితం లేకపోయినా పాలేరు పొద్దున్నే దొడ్లోకొస్తాడు. అప్పుంది, ఆకలుంది, కట్టుబాటుంది. అందుకే 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం మళ్ళీ చెయ్యాల్సొచ్చింది. మొదటి చట్టం నిజంగా పనిచేసుంటే 133 ఏళ్ళ తర్వాత రెండోది ఎందుకు?

మిగిలిన గాయం

బానిసత్వం పోయినా ఏం మిగిలింది? భూమి కొద్దిమంది చేతుల్లో మిగిలింది. దీవులకు దీవులు చెరుకుకు రాసిచ్చారు గనక తినే తిండి బయటనుంచి కొనుక్కునే అలవాటు మిగిలింది. మనిషిని చామనఛాయ, నలుపు, కటికనలుపు అని మెట్లు కట్టి చూసే జబ్బు మిగిలింది. ఈ మెట్ల గురించి మనం నిజాయితీగా మాట్లాడుకోవాలి. సాన్ దొమాంగ్‌లో తెల్లవాళ్ళకూ నల్లవాళ్ళకూ పుట్టిన స్వేచ్ఛాపరులు కొందరు ఉండేవాళ్ళు. వాళ్ళ చేతిలో కూడా తోటలున్నాయి, బానిసలున్నారు. స్వాతంత్ర్యం వచ్చాక వాళ్ళూ, సైన్యాధికారులూ కొత్త దొరలయ్యారు. తూసాన్ అంతటివాడు కూడా విడుదలైన కూలీలు తోట వదిలి పోకూడదని కట్టడి చేశాడు. పంచదార అమ్మకపోతే తుపాకులెలా కొంటాం అన్నాడు. ఫ్రాన్సు బాకీ కట్టడానికి 1826లో పల్లె జనాన్ని తోటలకు కట్టేస్తూ చట్టం చేసింది హైతీ ప్రభుత్వమే. మనలోంచి నాలుగక్షరాలు నేర్చి ఉద్యోగం తెచ్చుకున్న మాలాంటివాళ్ళం ఈ మాట రెండుసార్లు చదువుకోవాలి. గూడెం దాటి కాలనీలో ఇల్లు కట్టుకున్నాక గూడెం కేసి ఎలా చూస్తున్నాం? మాలవాడు మాదిగవాడి కంటే ఒక మెట్టు పైనున్నాననుకుంటే, ఆ మెట్టు కట్టింది ఎవరు?

వాళ్ళు ఊరుకోలేదు. 2013లో కరీబియన్ దేశాలు కలిసి నష్టపరిహారం అడగడానికి ఒక కమిషన్ వేసుకున్నాయి. 2014లో పది కోర్కెలు పెట్టాయి. మొదటిది పూర్తి క్షమాపణ. ఆ తర్వాత నిరక్షరాస్యత పోగొట్టడానికి, బీపీ, షుగరు లాంటి జబ్బులకు, అప్పుల రద్దుకు సాయం అడిగాయి. హైతీ అధ్యక్షుడు ఆరిస్టీడ్ 2003లోనే మీరు కట్టించుకున్నది తిరిగివ్వమని ఫ్రాన్సును అడిగాడు, 2,100 కోట్ల డాలర్లకు పైగా లెక్కకట్టి. ఇవ్వలేదు. 2025 ఏప్రిల్‌లో, ఆ బాకీ రాయించుకుని 200 ఏళ్ళయిన రోజున, ఫ్రాన్సు అధ్యక్షుడు మక్రాన్ చరిత్రకారుల కమిషన్ వేస్తామన్నాడు. డబ్బు మాట ఎత్తలేదు. అయినా, కట్టించుకోవడం తప్పేమో చూద్దాం అనే దాకా తీసుకొచ్చింది హైతీ జనం పట్టుదలే.

2001లో డర్బన్‌లో జాతివివక్ష మీద ఐక్యరాజ్య సమితి మహాసభ జరిగింది. మొదటి కూలీ ఓడ దిగిన ఊరు అదే. అట్లాంటిక్ బానిస వ్యాపారం మానవజాతి మీద నేరం అని అక్కడ ఒప్పుకున్నారు. మన దళిత కార్యకర్తలు కూడా పోయి కులం సంగతి కూడా రాయండి అని పోట్లాడారు. మన ప్రభుత్వం అది మా ఇంటి విషయం అని అడ్డుపడింది. తుది పత్రంలో కులం మాట రాలేదు.

మనం అడగాల్సిన లెక్క

కాబట్టి సోదరులారా, ఎవరైనా "మీకు అన్నీ ఇచ్చాం కదా" అంటే కోపం తెచ్చుకుని ఊరుకోకండి. మూడు ప్రశ్నలు అడగండి. చాకిరీ తీసేసిన రోజున భూమి ఎవరి పేర ఉంది? తరతరాలు చేసిన చాకిరీ కూలి ఎవరి గాదెలో ఉంది? చదువు ఎన్ని తరాలు ఆపారు? ఈ మూడింటికీ జవాబు చెప్పకుండా రిజర్వేషన్ దానం అనేవాడు అబద్ధమాడుతున్నాడు. అది దానం కాదు. తీర్చాల్సిన బాకీలో చిన్న వాయిదా.

ఒక పని కూడా పెట్టుకుందాం. తరగతుల నుంచి ఇంటికెళ్ళాక ప్రతి ఊళ్ళో ఇద్దరు కూర్చోండి, ఒకరు చదువొచ్చినవాళ్ళు, ఒకరు ఊళ్ళో పెద్దవాళ్ళు. మన గూడేనికి ఇప్పటిదాకా ఎక్కడెక్కడ ఎంత భూమి పట్టా ఇచ్చారు, ఇవాళ దాన్ని దున్నుతున్నది ఎవరు అని సర్వే నెంబరు వారీగా కాగితం మీద రాయండి. ఎవరెవరు ఎవరి దగ్గర ఎన్నేళ్ళు పాలేరుతనం చేశారో పెద్దవాళ్ళను అడిగి రాయండి. వాళ్ళు పోతే ఆ లెక్క పోతుంది. కరీబియన్ దేశాలు ఇవాళ గట్టిగా అడగ్గలుగుతున్నాయంటే దొరలు పరిహారం కోసం రాసుకున్న పుస్తకాలు మిగిలి ఉన్నాయి గనక. మన దొరలు రాసుకోలేదు. మన లెక్క మనమే రాసుకోవాలి.

వచ్చే తరగతికి ఆ కాగితాలు పట్టుకుని రండి. గయానాలో 83 మంది నాణేలు పోగేసినట్టు మనం ముందు లెక్కలు పోగేద్దాం. వెనక బెంచీలో పిల్ల ఇంకోసారి లేచి "మనకేమొచ్చింది సార్?" అని అడిగితే, ఇదిగో మన బాకీ అని కాగితం చేతిలో పెట్టగలగాలి.

జై భీమ్!